వేలాడే తీగ లేని కార్యాలయం

ఐలవ్వ ఇంటిని నాలాలో కలిపింది మీరే. వాన కలపలేదు, వరద కలపలేదు. మూరెడు కూడా లేని నీలం తీగతో మీరు కలిపారు. నర్సక్కపేట సమీకృత కార్యాలయ భవనంలో, గోడకు తగిలించిన బహుమతి ఫోటో కింద కూర్చుని టీ తాగే పెద్దమనుషులారా, మిమ్మల్నే అంటున్నాను. భవనాధికారి వైకుంఠం గారూ, ఆయన ఏది అన్నా తల ఊపిన సూపరింటెండెంట్లూ, అన్నీ తెలిసి చెప్పినట్టు చేసిన ఇంజనీరూ, మీ అందరికీ ఇందులో వాటా ఉంది. కాదంటే బజార్లోకి వచ్చి నలుగురి ముందూ చెప్పండి. రాలేరు. ఆ తీగ ఇంకా ఆరో నంబరు గదిలో బల్ల కిందే ఉంది. దాని రెండు కొసలూ ఒకే డబ్బాలో ఉన్నాయి.

జరిగింది జరిగినట్టు చెబుతాను. చెక్కి నునుపు చేసి చెప్పడం నాకు రాదు.

ఐలవ్వ బస్టాండులో ఉడకబెట్టిన పల్లికాయ అమ్ముతుంది. నాలా గట్టున రెండు గదుల రేకుల ఇల్లు. మొగుడు పోయాక ఇటుక మీద ఇటుక తానే మోసి కట్టుకుంది. మొన్న కొత్త సర్వే పటం వచ్చింది. నిజంగా నాలా పారేది ఆమె పెరడు దాటి, చాకలి బండలు కూడా దాటాక. పటంలో మాత్రం ఆమె పొయ్యి మీదుగా పారుతోంది. పటం ప్రకారం ఆ ఇల్లు కాలువలో ఉంది, కాలువలో ఉన్నది తీసెయ్యాలి.

అయితే సర్కారుకు దయ ఉంది. అభ్యంతరం చెప్పుకోమంది. ఎక్కడ? భవనంలో ఆరో నంబరు గదిలో. ఎట్లా? మనిషి స్వయంగా వచ్చి, కంప్యూటర్‌లో వివరాలు ఎక్కించి, యంత్రం మీద బొటనవేలు పెట్టాలి. కాగితం చెల్లదు. ఎప్పటిలోగా? శుక్రవారం సాయంత్రం అయిదులోగా. చెప్పని వాళ్లు ఒప్పుకున్నట్టే లెక్క. సోమవారం పొద్దున బుల్డోజరు.

బస్తీ కమిటీ తరఫున నేను ఆమె వెంట పోయాను.

ఇక్కడ ఆ భవనం సంగతి కొంచెం చెప్పాలి. కింది అంతస్తులో ఒక చల్లటి గది ఉంది. జనం నిలబడే వరండాలో ఫ్యాను తిరగదు గానీ, అక్కడ యంత్రాలకు ఏసీ ఉంది. అందులో పెద్ద స్విచ్ ఉంటుంది. లైటు వేసే స్విచ్ కాదు, భవనంలోని కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె. దానికి బుద్ధి ఉంది. ఏ గది నుంచి ఏం వస్తోందో చూస్తుంది. తేడా వస్తే ఆ గది దారి మూసేస్తుంది. చెబితే వింటుంది.

అక్కడి నుంచి గదికొక తీగ వెళుతుంది. గదికి గోడలో ఒక్కటే పోర్టు, అంటే తీగ గుచ్చే రంధ్రం. గదిలో గుమాస్తాలు అయిదుగురు. భవనం గీసిన మహానుభావుడు గదికి ఒకరే కూర్చుంటారని అనుకున్నాడో, అయిదుగురూ కలిసి ఒకరి పనే చేస్తారని ముందే లెక్క కట్టాడో తెలియదు. అందుకని ప్రతి సెక్షనూ బజారుకు పోయి, అరచేయంత చిన్న స్విచ్ ఒకటి కొనుక్కొచ్చుకుంది. ఒక పోర్టును నాలుగైదుగా పంచే డబ్బా. దీనికి బుద్ధి లేదు. ఒక రంధ్రంలో చెప్పింది మిగతా రంధ్రాలన్నింటికీ వినిపిస్తుంది, అంతే. మంచీ చెడూ చూడదు.

నిబంధన ప్రకారం ఇలాంటి చిన్న డబ్బాలు భవనంలో ఉండకూడదు. కాబట్టి లేవు. ప్రతి గదిలోనూ ఒకటి లేదు. తనిఖీ వాళ్లు వస్తే దాని మీద పాత ఫైళ్ల కట్ట పెట్టేవాళ్లు. అదే లేనప్పుడు దాన్ని ఎట్లా తగిలించాలి, ఎవరు చూసుకోవాలి అనే మాట ఎవరు మాట్లాడతారు? ఎవరూ మాట్లాడలేదు.

ఒక్క రిజ్వాన్‌కు మాత్రం తెలుసు. నెట్‌వర్క్ కాంట్రాక్టు కంపెనీ ఇంజనీరు. పెద్ద స్విచ్‌లో కాపలా పెట్టాడు. ఏ గదిలో డబ్బా పిచ్చి వేషం వేసినా ఆ ఒక్క గది దారే మూసుకుపోతుంది, మిగతా భవనం బతుకుతుంది. అలా రోజులు గడిచిపోయేవే. ఈలోగా వైకుంఠం గారు శిక్షణకు వెళ్లొచ్చారు.

ఏసీ హాల్లో, వెండితెర మీద ఆయనకు రెండు ఫోటోలు చూపించారట. ఒకటి తీగలు వేలాడే ఆఫీసు, ఒకటి వేలాడని ఆఫీసు. అంతే. వచ్చిన మర్నాడే సమావేశం పెట్టారు.

"సోదర ఉద్యోగులారా! కార్యాలయము యొక్క అంతరంగము దాని తీగలయందు గోచరించును. వేలాడు తీగ వేలాడు పాలనకు సంకేతము. నేటి నుండి మన భవనము వేలాడే తీగ లేని కార్యాలయముగా రూపాంతరము చెందవలెను. దీనికి దృశ్య క్రమశిక్షణ ఉద్యమము అని నామకరణము చేయుచున్నాను."

చప్పట్లు. సర్క్యులర్ వచ్చింది. "ప్రతి తీగకును రెండు కొసలు కలవు. ఆ రెండు కొసలును తగు రంధ్రములందు ప్రవేశపెట్టబడి ఉండవలెను. నిరాధారముగా వేలాడు కొస కనబడినచో సంబంధిత అటెండరుపై తీవ్ర చర్యలు గైకొనబడును."

చర్యలు అటెండరు మీదే. తీగ ఎవరిదైనా సరే.

ఆరో నంబరు గదిలో ఒక గుమాస్తా బదిలీ అయ్యాడు. ఆయన కంప్యూటర్ పోయింది, తీగ మిగిలింది. ఒక కొస చిన్న డబ్బాలో, రెండో కొస గాలిలో. ఆ గది అటెండరు గాలయ్య దాన్ని చూశాడు, సర్క్యులర్ చూశాడు, డబ్బాలో పక్కనే ఖాళీగా ఉన్న రంధ్రం చూశాడు. కొస అందులో పెట్టాడు. తీగ ఇప్పుడు వేలాడటం లేదు. డబ్బాలో పుట్టి డబ్బాలోనే ముగిసింది. చూడటానికి ముచ్చటగా ఉంది.

మేము అడుగు పెట్టేసరికి గదిలో కంప్యూటర్లన్నీ కొయ్యబారి ఉన్నాయి.

"నెట్ లేదమ్మా, రేపు రా" అంది అభ్యంతరాలు ఎక్కించే సుభాషిణి మేడమ్, తల ఎత్తకుండా.

"నెట్టంటే ఏంది బిడ్డా?" అంది ఐలవ్వ, తల మీది గంప దించుతూ. "మొన్న కరెంటు లేదంటివి. నిన్న సారు లేడంటివి. ఇయ్యాల నెట్టు లేదంటున్నవు. ఉన్నదేందో ఒక్కటి చెప్పు, దాని కోసమే వస్త."

సుభాషిణి మేడమ్‌కు నవ్వు ఆగలేదు. ఐలవ్వ గుప్పెడు పల్లికాయ తీసి బల్ల మీద పోసింది. మేడమ్ రిజ్వాన్‌కు ఫోన్ చేసింది.

రిజ్వాన్ వచ్చి, బల్ల కిందికి దూరి, తీగ చివర పట్టుకుని బయటికి తొంగి చూశాడు. "ఇదెవరు పెట్టిండ్రు?"

"నేనే. ఏ?" అన్నాడు గాలయ్య. "తీగ ఏలాడొద్దన్నరు. పక్కకే తొర్ర ఖాళీగున్నది. పెట్టిన. నా మీద చర్య తీసుకుంటే నువ్వొస్తవా అడ్డం?"

"అన్నా, పెండ్లిల మైకు పట్టుకొని పోయి సౌండు బాక్సు ముంగట నిలబడితే ఏమైతది?"

"కీ... అని చెవులు పగుల్తయి."

"గదే అయింది. డబ్బాల ఒక మాట పోయింది. ఈ తీగల నుంచి తిరిగి డబ్బాకే వచ్చింది. అది కొత్త మాటనుకొని మల్ల అందరికీ చెప్పింది. మల్ల తిరిగొచ్చింది. ఒక్క మాటే వెయ్యి, లక్ష అయితది. ఇంక అసలు పనికి జాగెక్కడిది? పెద్ద స్విచ్ చూసి, ఈ గదికి పిచ్చి లేసిందని దారి మూసేసింది. లేకుంటే భవనం మొత్తం పండుకునేది."

తీగ పీకాడు. ఫోన్‌లో ఏదో నొక్కి దారి తెరిచాడు. కంప్యూటర్లు కదిలాయి. సుభాషిణి మేడమ్ "పేరు చెప్పవ్వా" అంది. ఐలవ్వ చీర కొంగుతో బొటనవేలు తుడుచుకుంది.

సరిగ్గా అప్పుడే వైకుంఠం గారు వచ్చారు. వెనక సూపరింటెండెంటు తిరుమల్‌రావు, ఆయన వెనక ఫోటో తీసే మనిషి.

"ఇదేమి?" అన్నారు వైకుంఠం గారు, వేలాడుతున్న కొసను చూపిస్తూ. గొంతులో శవాన్ని చూసినంత బాధ.

రిజ్వాన్ చెప్పాడు. అంతా చెప్పాడు. ఆ రోజు అతను చెప్పింది నేను విన్నాను, కాబట్టి తర్వాత ఎవరూ తెలియదనడానికి లేదు. "సార్, చిన్న డబ్బాలు పెట్టుకోండి, తప్పు లేదు. ఉన్నయని ఒప్పుకోండి. గోడ నుంచి డబ్బాకు ఒక్కటే తీగ రావాలె. డబ్బాకు ఇంకో డబ్బా తగిలించొద్దు. గదిల ఎన్ని కంప్యూటర్లున్నయో చెప్తే పెద్ద స్విచ్‌ల ఆ లెక్కకే అనుమతి పెడత. కాపలా గట్లనే ఉంటది. డబ్బా మీద గది నంబరు, చూసుకునే మనిషి పేరు రాయించండి. మిగిలిన తీగ తీసి బీరువాల పెట్టండి. అంతే సార్."

"బీరువాలో పెట్టిన తీగ వినియోగములో ఉన్నట్లా, లేనట్లా?"

"లేనట్టే సార్."

"వినియోగములో లేని తీగను ఏల కొనుగోలు చేసితిరని ఆడిట్ ప్రశ్నించినచో?"

"కొన్నప్పుడు వాడిండ్రు సార్."

"అట్లయిన ఇప్పుడును వాడబడవలెను." వైకుంఠం గారు గాలయ్య వైపు తిరిగారు. "యథాస్థానమందు ప్రవేశపెట్టుము."

గాలయ్య పెట్టాడు. ఫోటో తీశారు. కంప్యూటర్లు మళ్లీ కొయ్యబారాయి. సుభాషిణి మేడమ్ తెర మీద "ఐల" వరకు వచ్చి ఆగింది.

"సగం పేరు రాసిండ్రు గదా, సగం ఇల్లన్న ఉంటదా సారూ?" అని అడిగింది ఐలవ్వ. వైకుంఠం గారు ఫోటో ఎట్లా వచ్చిందో చూసుకుంటున్నారు.

ఉద్యమం అక్కడ ఆగితే ఈ కథ రాయనక్కర లేదు. రెండో సమావేశం పెట్టారు. వేలాడే కొసలు పోయాయి, ఇక ఖాళీ రంధ్రాల సంగతి ఏమిటని చర్చ. ఖాళీ పోస్టు ఎంత అవమానమో ఖాళీ రంధ్రమూ అంతే అన్నారు వైకుంఠం గారు. పోస్టులు ఏళ్లుగా ఖాళీగానే ఉన్నాయి. వాటిని నింపడం ఆయన చేతిలో లేదు. రంధ్రాలను నింపడం ఉంది.

"ఖాళీ రంధ్రంలో బల్లి గుడ్లు పెడుతుంది సార్" అన్నాడు తిరుమల్‌రావు. "పైగా చూసేవాళ్లకు పని లేనట్టు కనబడుతుంది."

ఆ మాట వైకుంఠం గారికి తగిలింది. పొట్టి పొట్టి నీలం తీగలు తెప్పించారు. వాటికి సంధాన తీగలు అని పేరు. ఒక రంధ్రాన్ని పక్క రంధ్రంతో సంధానం చేస్తాయి. రెండు రంధ్రాలూ నిండుతాయి, కొస కనబడదు, ఖాళీ కనబడదు. ప్రతి గదిలో ప్రతి డబ్బాకూ తగిలించారు. ఒకే రంగు, ఒకే పొడవు, ఒకే వంపు. పెళ్లికూతురు జడలో పూలచెండు లాగా ఉన్నాయని తిరుమల్‌రావు రికార్డు చేయించాడు. అంతకుముందు లేని డబ్బాలు కూడా ఇప్పుడు ఉన్నాయి. వాటిని "అలంకరణ సామగ్రి" కింద రాసుకున్నారు. అలంకరణకు ఇంజనీరు అనుమతి అక్కర లేదు కదా.

పెద్ద స్విచ్ తన పని తాను చేసింది. ఒక్కొక్క గది దారీ మూసుకుంటూ పోయింది. మధ్యాహ్నానికి భవనంలో నెట్ ఉన్నది ఒక్క గోదాములోనే. గోదాము కీపరు సెలవులో ఉన్నాడు, తాళం వేసి ఉంది, కాబట్టి దాన్ని ఎవరూ చక్కబెట్టలేదు.

తాళం పగలగొట్టారు. భవనం మొత్తం గోదాములోకి దిగింది. విరిగిన కుర్చీలు, ఎప్పటివో బ్యాలెట్ పెట్టెలు, దోమల మందు డబ్బాలు, వాటి మధ్య పింఛన్ల సెక్షను, రేషన్ సెక్షను, అభ్యంతరాల సెక్షను. ఒక గుమాస్తా తలకిందులు చేసిన బకెట్ మీద కూర్చుని మరణ ధ్రువపత్రాలు ఇస్తున్నాడు. జనం బయట వరసలో. నిజం చెప్పాలంటే ఆ భవనం కట్టాక పని అంత చురుగ్గా జరగడం నేను అప్పుడే చూశాను.

ఐలవ్వ వంతు వచ్చింది. సుభాషిణి మేడమ్ ఈసారి పూర్తి పేరు కొట్టింది. ఇంటి నంబరు కొట్టింది. "అభ్యంతరం ఏందో చెప్పవ్వా."

"నాలా అవుతల పారుతున్నది, నా ఇల్లు ఇవుతల ఉన్నది. ఇంతకన్న ఏం చెప్పాలె బిడ్డా? వచ్చి చూస్తే నీళ్లే చెప్తయి."

"బాగుంది, అట్లనే రాస్తున్న. ఇగ వేలు పెట్టు."

ఐలవ్వ వేలు యంత్రం మీద పెట్టబోయింది. పల్లికాయ ఉడకేసి ఉడకేసి గీతలు అరిగిన వేలు. యంత్రం మొదటిసారి ఒప్పుకోలేదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. అంతలో గోదాము గుమ్మంలో దృశ్య క్రమశిక్షణ దళం నిలబడింది.

"ఇచట ఏమి జరుగుచున్నది?" వైకుంఠం గారు చుట్టూ చూశారు. "ఇంత అపరిశుభ్రతయందు ప్రజాసేవయా?"

"సార్, ఒక్క నిమిషం. ముసలామె వేలు పడనియ్యండి" అన్నాను నేను.

"తమరెవరు?"

"బస్తీ కమిటీ."

"కమిటీయన్న ఒక్కటే కలదు. దానికి అధ్యక్షుడను నేను." గాలయ్యకు సైగ చేశారు.

గాలయ్య జేబులోంచి నీలం తీగ తీశాడు. నా వైపు చూడలేదు. "ఐలవ్వక్కా, ఏమనుకోకు. నాకూ పిల్లలున్నరు" అన్నాడు. వంగి గోదాములోని చిన్న స్విచ్‌లో రెండు కొసలూ పెట్టాడు. యంత్రం మీద ఎర్ర లైటు ఆరిపోయింది. ఐలవ్వ వేలు దాని మీదే ఉంది.

"పడ్డదా బిడ్డా?" అని అడిగింది.

సుభాషిణి మేడమ్ కీబోర్డు పక్కకు జరిపింది.

ఇప్పుడు భవనంలో ఎక్కడా నెట్ లేదు. శుక్రవారం పొద్దున, చక్కని కార్యాలయానికి బహుమతి ఇచ్చే తనిఖీ బృందం రాజధాని నుంచి వస్తోంది. అభ్యంతరాలకు ఆఖరి రోజూ అదే. వైకుంఠం గారు ముందు రోజే ఆలోచించి తప్పు ఎక్కడుందో కనిపెట్టారు. పెద్ద స్విచ్‌లో ఉంది. "నిబంధన పాటించిన ప్రతి గదిని ఇది శిక్షించినది. పాటించని గోదామును పోషించినది. ఇది క్రమశిక్షణకు విరుద్ధమైన యంత్రము" అని రిజ్వాన్‌కు మెమో ఇచ్చారు. ప్రభుత్వ ఉద్యమానికి పెద్ద స్విచ్ ఎందుకు సహకరించడం లేదో సంజాయిషీ ఇవ్వాలి. సంజాయిషీ తృప్తికరంగా లేకపోతే, కాపలా వెంటనే తొలగించాలి.

రిజ్వాన్ సంజాయిషీ రాశాడు. కాపలా తీస్తే భవనం మొత్తం ఒకేసారి పడిపోతుందని రాశాడు. తృప్తికరంగా లేదన్నారు. అయితే కాపలా తీయమని రాసిమ్మన్నాడు. రాసిచ్చారు. ముద్ర కూడా వేశారు. శుక్రవారం పొద్దున్నే అతను కాపలా తీసేశాడు.

టీ కొట్టు దగ్గర పట్టుకున్నాను. "తెలిసి తెలిసి ఎట్లా తీశావయ్యా?"

"అన్నా, రాసిచ్చిండ్రు" అన్నాడు, జేబు తడుముకుంటూ. "రేపు భవనం కూలినా నా నౌకరీ కూలదు. మా కంపెనీకి కాయితం కావాలె."

"ఐలవ్వ ఇల్లు?"

అతను గ్లాసు కింద పెట్టాడు. "ఆమెకెవరన్న రాసిస్తరా అన్నా?" అన్నాడు. అది జవాబో ప్రశ్నో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

కాపలా తీయగానే మూసుకుపోయిన దారులన్నీ తెరుచుకున్నాయి. గదుల్లో "వచ్చింది, వచ్చింది" అని కేకలు. ఆ కేకలు ఆగేలోగా పోయింది. ఈసారి గది గది కాదు, కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా మొత్తం పోయింది. ప్రతి డబ్బా ప్రతి డబ్బాకూ ఒకే మాట అరుస్తోంది. అన్ని మైకులూ అన్ని సౌండు బాక్సుల ముందూ నిలబడ్డాయి. తేడా ఒక్కటే, చప్పుడు లేదు. లైట్లే. ప్రతి డబ్బా మీద ప్రతి పచ్చ లైటూ ఆగకుండా, పిచ్చి పట్టినట్టు, ఒక్క తాళంలో కొట్టుకుంటున్నాయి. పెద్ద స్విచ్ అయితే దీపావళి.

బృందం వచ్చింది. నాయకుడు ఆరో నంబరు గదిలో వంగి చూశాడు. వేలాడే కొస లేదు. ఖాళీ రంధ్రం లేదు. నీలం తీగలు ఒకే వంపు. పచ్చ లైట్లు తళతళ.

"అద్భుతం! నేను ఎన్నో కార్యాలయాలు చూశాను. అక్కడ లైట్లు అప్పుడొకటి ఇప్పుడొకటి బద్ధకంగా వెలుగుతాయి. ఇక్కడ క్షణం విరామం లేదు. ఎంత పని జరుగుతోందో!"

"అంతయును తమ ఆశీస్సులు" అన్నారు వైకుంఠం గారు.

"సారూ" అంది వరసలో ముందున్న ఐలవ్వ. "గంత పనైతుంటే నా ఒక్క పని అందుల వెయ్యరాదుండ్రి."

నాయకుడు ఆమెకు నమస్కారం పెట్టి, లబ్ధిదారుతో కలిసి ఒక ఫోటో తీయమన్నాడు. తీశారు. గోడకు తగిలించింది అదే. జాగ్రత్తగా చూడండి, ఆమె నవ్వడం లేదు, బొటనవేలు పైకి పెట్టి ఉంది. అంతా బాగుందని చెబుతోందని కింద రాశారు. అయ్యా, ఆమె అది పెట్టడానికి చోటు వెతుక్కుంటోంది.

బృందం వెళ్లింది. వరస కదల్లేదు. నాలుగు దాటింది. "కాగితం మీద రాసుకోండి మేడమ్, వేలిముద్ర సిరాతో వేస్తది" అన్నాను.

"కాగితం చెల్లదు. ఆన్‌లైన్ విధానం వచ్చింది కదా" అన్నాడు తిరుమల్‌రావు.

ఐలవ్వ ఆయన వైపు తిరిగింది. "ఆ తురకల పిల్లగానికి కాయితం మీదనే రాసిచ్చిండ్రట గదా? ముద్ర గూడ కొట్టిండ్రట. గా కాయితం చెల్లుతది, నా కాయితం చెల్లదా? నీ ఇల్లయితే చెల్లుతుండెనా?"

తిరుమల్‌రావు గడియారం చూసుకున్నాడు.

నేను బల్ల కిందికి దూరి నీలం తీగ పట్టుకుని పీకాను. డబ్బా మీద లైట్లు ఆగలేదు. ఒక్క గదిలో పీకితే ఏమవుతుంది, ప్రతి గదిలోనూ ఉంది. "ప్రభుత్వ అలంకరణకు భంగము!" అని వెనక నుంచి కేక. ఇద్దరు హోంగార్డులు నన్ను కాళ్లు పట్టుకుని బయటికి లాగారు. నా కళ్ల ముందే గాలయ్య తీగను మళ్లీ పెట్టాడు. అయిదు కొట్టింది. ఐలవ్వ గంప పక్కన పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. తలుపు మూయడానికి లేవమన్నారు. లేవలేదు. గంపను ముందు బయట పెట్టి, తర్వాత ఆమెను పెట్టారు.

అదే సాయంత్రం భవనం నుంచి నివేదిక పోయింది. "గడువులోగా ఒక్క అభ్యంతరమును నమోదు కాలేదు. ప్రజలు నూటికి నూరు శాతము సమ్మతించినారు." అభ్యంతరాలు లేని మొదటి మండలం అని దానికీ ఒక ప్రశంసాపత్రం వస్తుందట. నెట్ లేదు కదా, నివేదిక ఎట్లా పోయిందంటారా? కాగితం మీద రాసి, సంతకం పెట్టి, గాలయ్య చేతికిచ్చి, బస్సెక్కించి జిల్లాకు పంపారు. అక్కడ తీసుకున్నారు. కాగితం చెల్లదని ఎవరూ అనలేదు.

ఇవాళ ఆదివారం. ఐలవ్వ గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు వేసి పోయారు. పొయ్యి ఉన్న వైపే వేశారు. ఆమె పొద్దున్నే దాని పక్కన పొయ్యి ముట్టించి పల్లికాయ ఉడకేసింది. ఎక్కడికి పోతది మరి.

ఇప్పుడు చేయాల్సింది చెబుతున్నాను, వినండి. అభ్యంతరాల గడువు మళ్లీ తెరవండి. మీరు పడగొట్టిన నెట్‌కు ఐలవ్వ జరిమానా కట్టదు. నెట్ నిలబడేదాకా కాగితం తీసుకోండి. మీ నివేదిక చెల్లిన చోట ఆమె వేలిముద్రా చెల్లాలి. సర్వే వాళ్లను నాలా దగ్గరికి తీసుకొచ్చి నీళ్లు ఎటు పారుతున్నాయో కళ్లతో చూపించండి.

ఇక డబ్బాల సంగతి. మీ గదుల్లో చిన్న డబ్బాలు ఉన్నాయని ముందు ఒప్పుకోండి. లేవని దాచుకున్నంత కాలం వాటికి దిక్కు లేదు. గోడ నుంచి డబ్బాకు ఒక్క తీగ, గదిలోని కంప్యూటర్లకు తలా ఒక్కటి, అంతే. ఖాళీ రంధ్రం ఖాళీగా ఉండనివ్వండి, బల్లి గుడ్లు పెడితే పెట్టనివ్వండి. మిగిలిన తీగ బీరువాలో పడేయండి, ఆడిట్ వాళ్లు అడిగితే మా బస్తీకి పంపండి, మేం చెబుతాం. పెద్ద స్విచ్‌లో తీసేసిన కాపలా ఈ పూటే మళ్లీ పెట్టించండి. ఎన్ని కంప్యూటర్లకు అనుమతో లెక్క పెట్టించండి. డబ్బా మీద చూసుకునే మనిషి పేరు రాయండి, అది గాలయ్య పేరు కాకూడదు. రిజ్వాన్, నీ జేబులో ఉన్న కాగితం బయటపెట్టు. అందరికీ చూపించు.

వైకుంఠం గారూ, తాళం చెవి మీ దగ్గరే ఉంది. ఆదివారమైనా సరే, వచ్చి ఆరో నంబరు గది తలుపు తీయండి. బల్ల కిందికి వంగండి. మీకు వంగడం అలవాటు లేకపోతే నేర్పడానికి బస్తీ మొత్తం సిద్ధంగా ఉంది. ముందు ఆ నీలం తీగలు పీకండి, గదికొకటి, అన్నీ. అప్పటిదాకా ఐలవ్వ గుమ్మంలో మేం కూర్చునే ఉంటాం. రేపు పొద్దున బుల్డోజరు వస్తే మా ముందే ఆగాలి.